ఇద్దరు గోవిందమ్మలు

"ఏమయ్యా, ఆ మెసేజి ఒగసారి ఇంగెవురికన్నా సూపించకూడదా? నాకేమో కీడు తోస్తాండాది."

భర్తకు క్యారియరు మూత బిగిస్తూ ప్రమీల ఆ మాట అంది. దామోదర్ ఫోను జేబులో వేసుకుని నవ్వాడు. "నీకు పాలు పొంగినా కీడే, పొంగకపోయినా కీడే. ఫోను కంపెనీ మెసేజి అది. సదివినోన్ని నేను సెప్తాండాను కదా, ఇంగ్లీసు సంగతి నీకెందుకు?" అని మదనపల్లె బస్సుకు వెళ్ళిపోయాడు. అక్కడ టమాటా మండీలో గుమస్తానని చెప్పుకుంటాడు. పుంగనూరులో వాళ్ళ వీధి వీధంతా ఆయన్ని చదువుకున్నవాడనే అంటుంది. టీ అంగట్లో ఇంగ్లీషు పేపరు తిప్పేది ఆయన ఒక్కడే మరి.

మూడు నెలల్లో ఇది మూడో మెసేజి. భయపడటం ప్రమీలకు కొత్త కాదు. కూతురు మేఘన బడినుంచి పావుగంట ఆలస్యమైతే లారీలు కనపడతాయి, భర్త ఫోను ఎత్తకపోతే ఆసుపత్రి కనపడుతుంది. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, నాకు భయం తప్ప ఏం తెలుసు అని తనే సర్దిచెప్పుకుంటుంది. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, ఆవుకు కుడితి పెట్టి, సంచి మడిచి చంకన పెట్టుకుని రేషన్ అంగడికి పోయింది.

డీలరు తిమ్మప్ప మిషను ముందుకు జరిపాడు. వేలు పెట్టింది. ఎర్రటి అక్షరాలేవో పడ్డాయి. వేలు కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే.

"నీ పేరు లేదంటాండాదమ్మా."

"పోయిన నెల ఉండె కదన్నా!"

"నాకేం తెలుసు తల్లీ, అదేమో ఇంగ్లీసులో తిడతాది, నేను తెలుగులో తిట్లు తింటాను. సచివాలయానికి పోయి అడుగు."

వరుసలో వెనకున్నవాళ్ళు నవ్వారు. ఖాళీ సంచితో వాళ్ళ మధ్యలోంచి నడుస్తుంటే, ప్రమీలకు ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టుంది.

సచివాలయంలో శైలజ అనే చిన్న వయసు ఉద్యోగి కార్డు నంబరు కొట్టి చాలాసేపు తెరవైపు చూసింది. "గోవిందమ్మ ఎవరమ్మా?"

"మా అత్త. నేను కూడా."

అత్త పేరు, తన పేరు ఒకటే. కుప్పంలో పుట్టింట్లో తను గోవిందమ్మే. కానీ మొగుడు పెళ్ళాన్ని తల్లి పేరుతో పిలవకూడదు కదా. అందుకే కాపురానికొచ్చిన రోజే అత్త గడప దగ్గర నిలబెట్టి, "ఈపొద్దునుంచి నువ్వు ప్రమీల" అంది. ఆ పేరు ఎక్కడిదత్తా అని అడిగితే, "మా ఆవుది. కడవెడు పాలిచ్చేది" అంది. పదిమందీ నవ్వారు, తనూ నవ్వింది. పదకొండేళ్ళుగా ఆ పేరుకే పలుకుతోంది. అసలు పేరు ఆధార్, రేషన్ కార్డుల్లో మాత్రమే మిగిలింది. అత్త మార్గశిరంలో చనిపోయింది.

"మా అత్త పేరు తీసెయ్యమని అర్జీ పెట్టినాం మేడమ్."

శైలజ గొంతు తగ్గించింది. "మీ అత్తగారి పేరు కార్డులో అట్లే ఉండాదమ్మా, ఇంటిపెద్దగా. తీసేసింది మీ పేరు. చనిపోయినారని."

ప్రమీల నవ్వబోయింది. నోరు తెరుచుకుంది గానీ నవ్వు రాలేదు. బల్ల పట్టుకుంది. ఎన్నెన్ని కీడులు శంకించిందో ఈ పదకొండేళ్ళలో, తను చచ్చిపోయినట్టు మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. చచ్చిన అత్త కార్డులో కూర్చుని బియ్యం తింటోంది. బతికున్న కోడలు ఖాళీ సంచితో నిలబడి ఉంది.

శైలజ అర్జీ తెరిచి చూపింది. ఆధార్ జిరాక్సు తనది. ఇంట్లో ఇద్దరు గోవిందమ్మల కార్డులూ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి, అర్జీకని ఆయన తీసి ఇచ్చింది ఇది. కాగితమంతా ఇంగ్లీషు. కింద సాక్షి దగ్గర తెలుగులో ఒక్క మాట, ముత్యాల్లాంటి తన అక్షరాలే: ప్రమీల. గోవిందమ్మ చచ్చిపోయిందని ప్రమీల సాక్ష్యం చెప్పింది.

"మూడు మెసేజిలు పంపినామమ్మా. రెండో దాంట్లో అభ్యంతరం ఉంటే పదహైదు రోజుల్లో చెప్పమని ఉండాది. ఎవరూ రాలేదు."

"తెలుగులో పంపకూడదా తల్లీ?"

"తెలుగు కూడా ఉండాదమ్మా. అర్జీలో ఏ భాష అని అడుగుతారు. మీవాళ్ళు ఇంగ్లీషు అని పెట్టినారు."

ఆ అర్జీ పెట్టిన నెట్ సెంటరు గుర్తొచ్చింది. "మెసేజిలు ఏ భాషలో కావాల అన్నా?" అని అక్కడి పిల్లోడు అడగటం, "ఇంగ్లీసే పెట్టప్పా, తెలుగు యాల?" అని ఆయన అందరికీ వినపడేలా అనటం. తను పక్కనే ఉంది. పొంగిపోయింది కూడా. సంతకం పెట్టే ముందు కాగితాలన్నీ ఒగసారి నాకు సూపించు అంటే, "నీకేం తెలుస్తాదే" అన్నాడు. చూడలేదు. చూసి ఉంటే, ఆ జిరాక్సులో మసిబారిన ముఖం తనదేనని ఏ చదువూ లేకుండానే తెలిసేది కదా!

ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. ఆయన చదివి చెప్పిన కాగితాలన్నీ ఒకటొకటిగా కళ్ళముందు పడుతున్నాయి. అత్త స్కానింగ్ కాగితం చూసి "ఏమీ లేదు, గ్యాసే" అన్నాడు. నాలుగు నెలలకు అత్త పోయింది. మేఘన పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం చూసి "కుట్లకంట, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టింది. ఆ తర్వాత ఇంకో కానుపు రాలేదు. ఒక్క కానుపుకే గొడ్డుపోయిందని అత్త సాధిస్తుంటే, తన ఒంట్లోనే లోపం ఉందని ఎన్ని శనివారాలు ఒక్కపొద్దులుండిందో. ఆ కాగితంలో ఏముండిందో!

సాయంత్రం దామోదర్ వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి, చాప మీద శైలజ ఇచ్చిన తెలుగు ఫారం ఉంది. పేరు దగ్గర గోవిందమ్మ అని రాసుంది. భాష తెలుగు. ఫోను నంబరు ఆమెది. కింద కారణం రాసే గడి ఒకటే ఖాళీ.

జరిగింది వినగానే ఆయన మొహం నల్లబడింది. కానీ వెంటనే, "సర్వరు తప్పు. అదే రాయి" అన్నాడు.

"మెసేజిలు చేరినాయని వాళ్ళకాడ ఉండాది. గడువులోపల ఎందుకు రాలేదో, మొదట అర్జీ పెట్టినోళ్ళే కారణం చెప్పి సంతకం పెట్టాలంట. సరైన కారణం లేకుంటే నేను సచ్చినట్టే ఉంటాను."

"సూసుకోలేదని రాయి."

"సూసినావు. మూడుసార్లూ నా ఎదురుగానే సూసినావు." పెన్ను చేతిలోకి తీసుకుంది. "సదివి ఊరకున్నావంటే, నేను సచ్చినానని తెలిసీ నా చేత క్యారియరు కట్టించుకున్నావు. సదవలేక ఊరకున్నావంటే అది ఇంగో మాట. రెండిట్లో ఏది రాయాల?"

పెరట్లో ఆవు గొలుసు కదిలింది. పక్కింటి కుక్కరు కూత వేసి ఆగింది. ఆయన ఇలా మౌనంగా ఉన్నప్పుడల్లా ఇన్నేళ్ళూ ఆమే ఏదో ఒకటి అని సర్ది, అన్నం వడ్డించేది. ఈసారి లేవలేదు. పెన్ను గడి మీద ఆనించి కూర్చుంది. గడప దగ్గర హోంవర్క్ చేసుకుంటున్న మేఘన రాయడం ఆపి తండ్రివైపు చూసింది. దీపం పెట్టే వేళ దాటిపోయింది. ఎవరూ లేచి స్విచ్చి వెయ్యలేదు.

చీకట్లోంచి ఆయన గొంతు వచ్చింది, ఎన్నడూ పిలవని పేరుతో.

"నాకు సదవను రాదు, గోవిందమ్మా. ఎన్నడూ రాలేదు."