తేడా లేదక్కా

ఆఫీసులో అతణ్ణి అందరూ గడియారం అనేవాళ్లు. ఉదయం పది కాగానే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, చేతిలో టీ కప్పుతో సహా తన గదికి పరుగెత్తేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒకసారి మేనేజరు ఎదుట చీవాట్లు తింటూ, "ఒక్క నిమిషం సార్, మిగతావి వచ్చి తింటాను" అని వెళ్లిపోయాడట. నిజంగా అన్నాడో లేదో గానీ, ఆఫీసంతా అన్నాడనే చెప్పుకునేది.

ఆ గదిలో ఒక ఫోను ఉండేది. ఆ ఫోనుకి అవతల, రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో, రంగులక్క ఉండేది.

వాళ్లది గోడలకు వేసే రంగులు తయారుచేసే కంపెనీ. రెండు ఊళ్లలో రెండు ఫ్యాక్టరీలు. ఏ రంగులో ఏవి ఎన్ని పాళ్లు కలపాలో ఆ వివరమంతా రెండు చోట్లా కంప్యూటర్ గదుల్లో ఉండేది. ఎప్పుడో పడకగదికి వేసుకున్న రంగే మళ్లీ కావాలని ఎవరైనా దుకాణానికొస్తే, డబ్బా ఏ ఫ్యాక్టరీ నుంచి వెళ్లినా గోడ మీద అతుకు కనపడకూడదు కదా! అందుకని ఇక్కడ ఒక చుక్క మారితే అక్కడా మారాలి. ఇక్కడి గదికి గడియారం కాపలా, అక్కడి గదికి రంగులక్క.

పాత రోజుల్లో రెండు గదుల మధ్య లైను మాటిమాటికీ తెగిపోయేది. నిన్న మారినవి రెండు వైపులా ఒకేలా ఉన్నాయో లేదో రోజూ ఫోన్లో సరిచూసుకోమని పైవాళ్లు చెప్పారు. తర్వాత లైను బాగుపడింది. సరిచూసే పని కంప్యూటర్లే నేర్చుకున్నాయి. ఫోను మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆపమంటారా అని వీళ్లూ అడగలేదు.

"నీ దగ్గరెంత తమ్ముడూ?" అనేది ఆమె.

తన వైపు పాళ్లన్నీ కూడి కంప్యూటరు చూపే మొత్తం అంకెని అతను చదివేవాడు.

"నా దగ్గరా అంతే."

"అయితే తేడా లేదక్కా."

అంతే లెక్క. ఆ తర్వాత ఒక పావుగంట లోకాభిరామాయణం. ఇన్నేళ్లలో ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఆమెకి పాళ్లన్నీ కంఠతా వచ్చు. రంగు పేరు చెప్తే చాలు, కంప్యూటరు తెరిచేలోపు గడగడా అప్పజెప్పేది. "నీకు ఇంక ఆ యంత్రం దేనికక్కా?" అని ఏడిపించేవాడు. "దానికి కాస్త తోడుండాలి కదరా, పాపం ఒంటరిది" అనేది.

ఆమె కూడా ఒంటరిదే. పెళ్లి చేసుకోలేదు. తల్లికి మతిమరుపు జబ్బు వస్తే కొన్నేళ్లు కంటికి రెప్పలా చూసుకుంది. ఒక పొద్దున ఫోన్లో, లెక్క చెప్పడానికి ముందు, "ఇవాళ అమ్మ నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఇంటికెళ్లు అంది తమ్ముడూ" అంది. తర్వాత అంకె చదివింది. ఆ అంకెలో తప్పు లేదు. తల్లి పోయాక ఒకే ఒక్కసారి అంది: "నాకేం జబ్బొచ్చినా ఫర్వాలేదు. అదొక్కటీ రాకూడదు."

గడియారం భార్య పోయినప్పుడు ఆఫీసు వాళ్లందరూ వచ్చారు, భుజం తట్టారు, ధైర్యం చెప్పారు, వెళ్లారు. అన్నీ అయ్యాక అతను మొదటిరోజు వచ్చి ఆ గదిలో కూర్చున్నాడు. పదయింది. ఫోను ముట్టుకోబుద్ధి కాలేదు. అప్పుడు ఫోనే మోగింది. అయ్యో అనలేదు, ఎలా ఉన్నావనీ అనలేదు రంగులక్క. "నీ దగ్గరెంత తమ్ముడూ?" అంది. అతను ఏడుస్తూనే చదివాడు. "నా దగ్గరా అంతే" అంది. ఆ రోజు నుంచి ఆ మనిషంటే అతనికి ప్రాణం.

ఇలా ఉండగా కంపెనీ ఇంకో చిన్న కంపెనీని కొన్నది. దాని వివరాలన్నీ ఇంటర్నెట్లో ఎవరిదో అద్దె క్లౌడులో ఉన్నాయి. దుకాణాల ఆర్డర్లు మరో క్లౌడులో ఉన్నాయి. ఇక ఈ రెండు గదులు ఉండనే ఉన్నాయి. "నాలుగు చోట్ల పెట్టుకుని ఏది అసలుదో తెలియక చస్తున్నాం" అన్నాడు మేనేజరు. అన్నిటినీ కలిపి ఒకే చోటికి చేర్చాలి, ఎవరు ఎక్కడ తెరిచినా ఒకటే కనపడాలి. మంచి పనే, కాదనడానికి లేదు. ఆ పని గడియారం నెత్తిన పడింది.

"మరి అవతలి గది?" అని అడిగాడు.

"మూసేస్తాం."

"అక్క?"

"ఏ అక్క?" అన్నాడు మేనేజరు. తర్వాత గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "చూద్దాంలే. ముందు రెండు గదుల లెక్కా తేలాలి. ఒక్క తేడా ఉన్నా ఆ గది మూసేది లేదు."

ఆ చివరి మాట గడియారం బుర్రలో తిష్ట వేసింది. ఒక్క తేడా ఉన్నా మూసేది లేదు! అయితే ఒక్క తేడా ఉంటే? వెతుకుతారు, కొన్ని వారాలు పడుతుంది, ఈలోపు తను మేనేజరు కాళ్లావేళ్లా పడైనా అక్కకి కొత్త పనిలో చోటు ఇప్పిస్తాడు. ఎవరికీ నష్టం లేదనుకున్నాడు. మంచి చేస్తున్నాననుకునే మనిషికి ఎంత ధైర్యమొస్తుందో చూడండి!

పావురం నీలం అని ఒక పాత రంగు ఉంది. అమ్మడం మానేసి చాన్నాళ్లయింది, కంప్యూటర్లు తమంతట తాము దాన్ని సరిచూడడం కూడా మానేశాయి, మొత్తం లెక్కలో మాత్రం ఇంకా ఉంది. అందులో నలుపు రెండు పాళ్లు. గురువారం మధ్యాహ్నం గడియారం తన కుర్చీలోంచి కదలకుండానే అవతలి గది కంప్యూటర్లోకి వెళ్లి ఆ రెండుని మూడు చేశాడు. అతని పేరుతో అక్కడ మార్చడం కుదరదు. ఎప్పుడో జ్వరంతో పడుకున్నప్పుడు అక్క తన పాస్‌వర్డు ఫోన్లో చెప్పింది, ఆ రోజు పని చూసిపెట్టమని. మళ్లీ మార్చుకోలేదు ఆ పిచ్చితల్లి. దానితోనే వెళ్లాడు.

మర్నాడు పదింటికి మొదటిసారి అంకెలు కలవలేదు.

"మళ్లీ చదువు తమ్ముడూ."

చదివాడు.

"నా వైపే ఏదో అయ్యుంటుంది. చూస్తానుండు" అంది. ఆ గొంతులో బెదురు అతనికి వినపడింది. కానీ సరదాగా వెతుక్కుంటుందిలే అనుకున్నాడు. వారాలు పడుతుందనుకున్నాడు. రంగులన్నీ నాలుక మీదున్న మనిషికి వారాలెందుకు? సోమవారానికల్లా పట్టేసింది.

పట్టేశాక ఆ మార్పు ఎవరు చేశారో చూసింది. తన పేరే ఉంది. రోజు గురువారం. ఎక్కడి నుంచి చేశారన్నది లోపల ఇంకో చోట ఉంటుంది. ఆమె అంతదాకా వెళ్లలేదు. తన తాళంచెవితో తన ఇంట్లో జరిగినదానికి పరాయి మనిషిని అనుమానించడం ఆమెకి చేతకాదు.

"తమ్ముడూ, గురువారం మధ్యాహ్నం నేను నీతో ఏమైనా మాట్లాడానా? పావురం నీలం గురించి?"

గడియారం దొరికిపోయాననుకున్నాడు. పక్కవాళ్ల పాస్‌వర్డుతో లోపలికెళ్తే ఉద్యోగం ఊడుతుందని గోడ మీద రాసి ఉంది. రాయించింది తనే.

"ఏమో అక్కా, గుర్తులేదు" అన్నాడు.

"నాకూ గుర్తులేదు" అంది ఆమె, నెమ్మదిగా.

ఇంకేమీ అడగలేదు. అతను బతుకుజీవుడా అనుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమె మూడుని రెండు చేసింది. మంగళవారం లెక్క సరిపోయింది. "తేడా లేదక్కా" అని అతనే తన నోటితో చెప్పాల్సి వచ్చింది. బుధవారం ఆమె మేనేజరుకి రాసింది: ఆరోగ్యం బాగాలేదు, గదితో పాటు నన్నూ పంపించేయండి అని. పద్ధతి ప్రకారం తన గదిలోని డిస్కులన్నీ తన చేత్తోనే చెరిపేసి, తాళంచెవులు అప్పజెప్పి వెళ్లిపోయింది. ఫోను నంబరు కంపెనీది, అదీ పోయింది.

ఎలాగూ గది మూసేస్తారని అలిగి ఉంటుందిలే అని గడియారం తనకి తను సర్దిచెప్పుకున్నాడు. పదింటికి గదిలోకి వెళ్లి ఊరికే కూర్చునేవాడు. అలవాటు పోతుందా! కొత్త ఏర్పాటు అద్భుతంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఎవరు ఎక్కడ తెరిచినా ఒకటే కనపడేది.

కొన్ని నెలలకి ఒక ఆడమనిషి ఆఫీసుకి ఫోను చేసి, "పదింటి తమ్ముడు ఉన్నారా అండీ?" అని అడిగింది. రంగులక్క చెల్లెలు.

"అక్క నా దగ్గరే ఉంటోంది. మా అమ్మకొచ్చిందే తనకీ వచ్చిందంటోంది. ఆఫీసులో ఏదో చేసి మర్చిపోయిందట. అప్పట్నుంచి స్టవ్ ముట్టుకోదు, ఒంటరిగా గుమ్మం దాటదు. డాక్టరేమో ఏమీ లేదంటున్నాడు. మీ మాటంటే అక్కకి గురి. ఒకసారి వచ్చి చెప్తారా?"

గడియారం వస్తానన్నాడు, చిరునామా రాసుకున్నాడు. ఫోను పెట్టాక బల్ల మీద తల ఆనించి కూర్చుండిపోయాడు. అక్క ఈ లోకంలో దేనికైతే భయపడేదో దాన్నే పట్టుకెళ్లి ఆమె ఇంట్లో పెట్టి వచ్చాడు. అదీ ప్రేమగా!

ఆ వారమే బయల్దేరాడు. చెల్లెలు తలుపు తీసింది. లోపల కుర్చీలో పొట్టిగా, కళ్లజోడుతో, జుట్టు ముడేసుకుని ఒకావిడ. ఇన్నేళ్లూ గొంతుని బట్టి పొడుగాటి మనిషిని ఊహించుకున్నాడు. గదంతా చిన్న చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి. స్విచ్చు మీద ఫ్యాను అని, డబ్బా మీద మందులు అని, తలుపు మీద తాళం వేశానా అని. అన్నీ గుండ్రటి అక్షరాలు.

"నోరు విప్పితే గానీ నువ్వని ఎలా తెలుస్తుంది?" అంది.

"తేడా లేదక్కా" అన్నాడు. ఆమె గలగలా నవ్వింది. అతనికి ఏడుపొచ్చింది.

కూర్చోగానే చెప్పేశాడు. గురువారం, పాస్‌వర్డు, మూడు, గుర్తులేదన్న అబద్ధం, ఏదీ దాచలేదు. "తిట్టక్కా. కొట్టు. నీ బుర్రకేం కాలేదు, నేనే వెధవని" అన్నాడు. చెల్లెలు తలుపు దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

రంగులక్క అంతా విని అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మంచివాడివి తమ్ముడూ. ఎంత దూరం నుంచి వచ్చావు ఇది చెప్పడానికి!"

"నిజమక్కా! ఒట్టు!"

"దీన్ని అడుగు," చెల్లెల్ని చూపించింది, "నువ్వు ఇలాంటిదేదో చెప్తావని పొద్దున్నే అన్నాను. నా తప్పులు నీ మీద వేసుకోవడం నీకు కొత్తా? ఎప్పుడో నేనొక రంగు పేరు తప్పు రాస్తే, ఆ తప్పు నీదేనని మేనేజరుకి చెప్పలేదూ?"

చెప్పాడు. అదీ నిజమే. ఇప్పుడు ఏం చూపించి నమ్మించాలి? ఆ మార్పు ఎక్కడి నుంచి జరిగిందో రాసి ఉన్న డిస్కుని ఆమే చెరిపేసింది. పాత గదుల్లోని ఆ చరిత్రంతా కొత్త చోటికి అనవసరం, మొయ్యొద్దని తేల్చింది గడియారమే. ఎంతో చోటు ఆదా అయిందని మెచ్చుకున్నారు కూడా.

"పావురం నీలంలో పాళ్లు చెప్పక్కా" అన్నాడు, ఏం చేయాలో తోచక.

కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఒక్క పొల్లు పోలేదు.

"చూశావా! ఇలా చెప్పే మనిషికి మతిమరుపా?"

"అమ్మకి కూడా పాతవన్నీ బాగానే గుర్తుండేవి" అంది రంగులక్క.

ఆ తర్వాత అతను మళ్లీ పదింటికి ఫోను చేయడం మొదలుపెట్టాడు, చెల్లెలి నంబరుకి. ఆమే అడిగింది అలా. అతను ఎదురుగా తెర తెరిచి రంగు పేరు చెప్పాలి, ఆమె పాళ్లు చెప్పాలి. రోజూ అన్నీ సరిగ్గానే చెప్పేది. "ఇవాళ్టికి తప్పించుకున్నాను" అనేది. పావురం నీలం మాత్రం అతను ఎప్పుడూ అడిగేవాడు కాదు.

"అదెందుకు అడగవు?" అంది ఒకరోజు.

అడిగాడు. ఆమె మొదలుపెట్టింది. తెలుపు చెప్పింది, నీలం చెప్పింది. నలుపు దగ్గరికొచ్చి ఆగింది. ఆ మనిషి పాళ్లు చెప్తూ మధ్యలో ఆగడం అతను ఇన్నేళ్లలో వినలేదు.

"రెండా, మూడా తమ్ముడూ?"

"రెండే అక్కా. నా ఎదురుగానే ఉంది. రెండే."

"నువ్వు అలాగే అంటావులే" అంది, ముద్దుగా, చిన్నపిల్లాడితో అన్నట్టు. ఫోను పెట్టేసింది. తెర మీద రెండు అన్న అంకె అలాగే ఉంది.