గోధుమరంగు పువ్వు, నీలి గడ్డం

బోజెనా వొసికా పొద్దున్నే పెరట్లోకి వెళ్ళేసరికి మొక్క ఉంది, పువ్వు లేదు. కాడను మొదలంటా ఎవరో కత్తితో ఏటవాలుగా కోసేశారు. పక్కనున్న రేకు పలక మీద ఆవిడ చేత్తో రాసుకున్న నంబరు మాత్రం అలాగే నిలబడి ఉంది.

ఆవిడ అక్కడే మట్టిలో కూలబడింది. పదకొండేళ్ళు పట్టింది ఆ ఐరిస్ పువ్వుకి. కాల్చిన రొట్టె అంచులాంటి గోధుమరంగు రేకులు, కిందికి వాలిన ప్రతి రేకు మీదా బొచ్చులాంటి నీలి గడ్డం. నెబ్రాస్కా మొత్తంలో అలాంటిది ఎవరి పెరట్లోనూ లేదు. నిన్ననే మొదటిసారి విచ్చుకుంది. పక్క ఊరి హైస్కూల్లో ఇవాళే పూల పోటీ, పది గంటలకల్లా బల్ల మీద పెట్టాలి. ఈ ఏడు దాటితే వచ్చే వసంతానికి మొక్క ఉంటుందో లేదో, తను ఉంటుందో లేదో. బోజెనా దేని గురించైనా ముందు పోతుందనే అనుకుంటుంది.

దొంగ ఎవరో ఆలోచించాల్సిన పని లేదు. రెండ్రోజుల్లో సమాధులకు పూలు పెట్టే పండగ. ఊరంతా కాఫీ డబ్బాల్లో ఐరిస్‌లు పట్టుకుని సమాధులున్న గుట్టెక్కుతుంది. ఆడపడుచు ఎల్సీ అందరికంటే ముందే ఎక్కుతుంది.

బోజెనా ఏప్రన్ కూడా విప్పకుండా గుట్ట మీదికి పరిగెత్తింది. అత్తగారు రోజాలియా సమాధి ముందు ఎల్సీ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకుతోంది. రాతికి ఆనించి కాఫీ డబ్బా, డబ్బాలో ఆ పువ్వు. ఒక్క రేకూ నలగలేదు.

"ఏం ఎల్సీ, నా కొంప ముంచావు కదే!"

"ఏమైంది వదినా? కంచె పక్క వరసలో ఏది కావాలన్నా కోసుకోమన్నావుగా."

"ఏది కావాలన్నా అంటే అదా? దాని పక్కన నంబరు పలక కనపడలేదూ?"

"నీ పెరట్లో ముల్లంగికి కూడా నంబరేగా! అన్నిట్లోకీ అందంగా ఉందని కోశాను. మా అమ్మకి మంచిది పెట్టకూడదా? ఎప్పుడూ నువ్వు వద్దనుకుని మిగిల్చినవేనా?"

ఆ మాట బోజెనాకి గుచ్చుకుంది. పదకొండేళ్ళ కిందట, ఇలాంటి మే నెల పొద్దున, అత్తగారు మంచం మీదనుంచి పిలిచింది. కొత్త రకం పుట్టాలంటే తేనెటీగలు లేవకముందే చేత్తో పుప్పొడి అద్దాలి. "ఒక్క పువ్వుంది అత్తయ్యా, వచ్చేస్తున్నా" అని కిటికీలోంచి కేకేసింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి పిలిచిన మనిషి లేదు. ఆ రోజు పుప్పొడి అద్దిన పువ్వుకి మనవరాలే ఈ డబ్బాలో ఉన్నది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. భర్త ఎమిల్‌తో కూడా.

దూరంగా చర్చి గడియారం తొమ్మిది కొట్టింది.

వదిలేసి ఇంటికి పోదామనిపించింది. ఒకసారి అత్తగార్ని కాదని పువ్వు దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ పువ్వే లాక్కుపోవాలా? ఏ గొడవలోనైనా ముందు తనే తగ్గుతుంది, అలవాటు. కానీ కాళ్ళు కదల్లేదు. పువ్వు గాలికి తల ఊపుతోంది, ఎండ వెనక నుంచి పడి రేకులు తేనెలా వెలుగుతున్నాయి. సాయంత్రానికి వాడిపోతుంది. చూసినవాళ్ళు ఇద్దరే అవుతారు.

బోజెనా వంగి డబ్బా ఎత్తింది.

"అయ్యయ్యో! సమాధి మీద పెట్టింది తీస్తావా? సిగ్గు లేదూ?"

"ఆ రోజు మీ అమ్మ పిలిస్తే నేను పోలేదు ఎల్సీ. పువ్వుల దగ్గర ఉండిపోయాను. అది నన్ను తింటూనే ఉంది." సమాధి రాయి వైపు తిరిగింది. "ఇవాళ నేను పిలుస్తున్నా. అత్తయ్యా, డబ్బాతో సహా నాతో రా. అందరూ చూడాలి. కాదంటే ఇప్పుడే చెప్పు."

రాయి ఏమీ అనలేదు. ఎల్సీ గడ్డి అంటిన చేతులు స్కర్టుకి తుడుచుకుని లేచింది.

"ఆవిడ బతికుండగా ఒక్కసారైనా ఇలా మాట్లాడి ఉంటే ఎంత సంతోషించేదో! నడువు, పికప్ బండి తీస్తా. గట్టిగా పట్టుకో, గుంటలున్నాయి."

దారంతా డబ్బా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, గుంట గుంటకీ "అమ్మో" అంటూనే ఉంది బోజెనా. పదికి నాలుగు నిమిషాలు ఉండగా స్కూలు హాల్లోకి పోయారు. నీలం, తెలుపు, పసుపు పూల మధ్య ఆ గోధుమరంగు పెట్టగానే పక్కవాళ్ళ మాటలు తగ్గిపోయాయి. లింకన్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత హాల్వర్‌సన్ రెండుసార్లు ముందుకెళ్ళి రెండుసార్లూ వెనక్కొచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు.

"ఈ నీలి గడ్డం ఎక్కడ పట్టారమ్మా? నలభై ఏళ్ళుగా చూస్తున్నా, ఈ రంగు మీద చూళ్ళేదు. దుంపకి పిలకలున్నాయా?"

"రెండున్నాయండీ, బఠాణీ గింజలంత. బతుకుతాయో లేదో..."

"బతుకుతాయి. కాడ కోసేశారుగా, ఇక బలమంతా వాటికే."

"కోసింది నేనే!" అంది ఎల్సీ, హాలంతా వినపడేలా.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా బోజెనా నవ్వింది. కొత్త మొక్కల్లో మొదటి బహుమతి ఊదారంగు రిబ్బను ఆ కాడకి కట్టారు. జనం వరస కట్టి చూస్తున్నారు.

కార్డు రాసే అమ్మాయి కలం తీసింది. "పెంచినవారు మిసెస్ ఎమిల్ వొసికా. అంతేనా?"

ఏటా అలా భర్త పేరుతోనే రాసేవాళ్ళు, ఆవిడా ఊరుకునేది.

"ఎమిల్‌కి మొక్కజొన్న తప్ప ఏమీ తెలీదమ్మా" అంది. "బోజెనా అని రాయి. పెద్ద అక్షరాలు."