అయిదో ఎందుకు

ట్రైనింగ్ సారు రెండు రోజులు చెప్పిన వాటిలో బిందుమాధవికి బాగా పట్టుకున్నది ఒకటే. ఏ పొరపాటు జరిగినా అయిదుసార్లు ‘ఎందుకు’ అని అడగాలి. మొదటిసారి అడిగితే మనిషి కనిపిస్తాడు, అయిదోసారికి అసలు కారణం కనిపిస్తుంది. తప్పును పద్ధతిలో వెతకాలి గాని మనిషిలో కాదు.

అనకాపల్లి నుంచి మునగపాక వెళ్ళే దారిలో, బెల్లం పొడిని ప్యాకెట్లు కట్టే యూనిట్ అది. బిందుమాధవి లైన్ లీడరై మూడు నెలలైంది. ఆమె కింద పదకొండు మంది ఆడవాళ్ళు, అందరూ ఆమెకంటే పెద్దవాళ్ళే.

ఆ సోమవారం నలభై పెట్టెలు తిరిగొచ్చాయి. ప్యాకెట్ల మూతి ఊడి, చెమ్మ తగిలి, పొడి గడ్డకట్టింది. మేనేజర్ దేవీప్రసాద్ అయిదు గడులున్న ఫారం ఇచ్చి, సాయంత్రానికి నింపి తెమ్మన్నాడు.

ప్యాకెట్ల మీది నంబరు కాసులమ్మ మిషన్‌ది. కాసులమ్మది బిందుమాధవి ఊరే, వరసకు పిన్ని. మొగుడు మంచాన పడ్డాక ఇంట్లో సంపాదించే చెయ్యి ఆమెదొక్కటే. అన్నాల వేళ బిందుమాధవి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

“పిన్నీ, ప్యాకెట్టు ఎందుకు ఊడింది?”

“సీలు అంటుకోనేదు.”

“ఎందుకంటుకోలేదు?”

“ఏటే గుంటా, పోలీసోళ్ళనాగ అడుగుతున్నావు? నా పేరు రాసుకుంటావేటి?”

“రాయను పిన్నీ, ఒట్టు. తప్పు మనిషిది కాదని ట్రైనింగ్ సారే చెప్పారు.”

కాసులమ్మ అన్నం కలపడం ఆపి ఆమె మొహం చూసింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మొహం.

“సీలేసే పట్టీ కాగనేదే. ఎనిమిదికి మిషనేత్తే ఎనిమిదిన్నరకి గాని కాగదు.”

“చల్లగా ఉంటే సీలెందుకు వేశావు?”

“ సల్లగుందని తెలుసు, తెలిసే సీలేసేను. ఎనిమిదికే టార్గెట్ మొదలెట్టేత్తారు, ఏటి సెయ్యమంటావు?”

“ముందే ఎందుకు వేయరు?”

“అప్పలనర్సమ్మ ఏడున్నరకే వచ్చి ఏసీది కదా. దాన్ని ఆపేసేరు.”

“ఎందుకు?”

“ఆ అరగంట కూలి దండగని. మీ మేనేజరు సారే.”

అయిదు గడులూ నిండాయి. బిందుమాధవి గుండ్రటి అక్షరాలతో ఉన్నదున్నట్టు రాసింది. పట్టీ చల్లగా ఉందని తెలిసే సీలు వేయాల్సి వస్తోందనీ రాసింది. పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.

దేవీప్రసాద్ మూడో గడి దగ్గర ఆగాడు.

“తెలిసే వేసిందా?”

“సార్, మిగతావి కూడా చదవండి.”

చదివాడు. కోపం తెచ్చుకోలేదు. సొరుగులోంచి కొత్త ఫారం తీశాడు.

“మూడు గడులు చాలమ్మా. కారణం దొరికాక ఇంకా వెతకడమెందుకు?”

“ట్రైనింగులో అయిదన్నారు సార్.”

“పైకి ఇలా పంపితే లైన్ నడపడం నీకు చేతకాలేదంటారు. నీ ఇష్టం.”

ఆమె కొత్త ఫారం అందుకుంది. తర్వాత కూర్చుని మూడు గడులూ రాసి, సంతకం పెట్టింది.

బుధవారం కాసులమ్మను పనిలోంచి తీసేశారు. క్యారేజీ సంచితో గేటు దగ్గర ఆగి, “సంతకం నీదేనట కదే” అంది.

“పేరు రాయలేదు పిన్నీ.”

“అవునే. రాయనేదు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు కూడా లేదు. ఆటో వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

మూడు వారాలకు మళ్ళీ పెట్టెలు తిరిగొచ్చాయి. ఇప్పుడు ఆ మిషన్ మీద సూర్యకళ ఉంది. అన్నాల వేళ బిందుమాధవి ఫారం పట్టుకుని ఆమె దగ్గరికి రాగానే చుట్టుపక్కల మాటలు ఆగిపోయాయి. బిందుమాధవి నోరు తెరవకముందే సూర్యకళ అందుకుంది.

“నాదే తప్పమ్మా. నానే సూసుకోనేదు. అలగే రాసేయ్.”

“పట్టీ కాగలేదా సూర్యకళా?”

“నాకేటి తెలుసు? నాకేటీ తెల్దు.” సూర్యకళ గొంతు తగ్గించింది. “సూసుకోనేదంటే తిట్టి ఒగ్గేత్తారు. తెలుసంటేనే కదమ్మా తీసేత్తారు.”

మిగతా ఆడవాళ్ళు తలలు వంచుకుని అన్నం తింటున్నారు. అడగడానికి ఇంకా నాలుగు ఎందుకులు మిగిలే ఉన్నాయి. వాటికి జవాబులు అక్కడున్న అందరికీ తెలుసు, ఆమెతో సహా. బిందుమాధవి మొదటి గడిలో ‘అజాగ్రత్త’ అని రాసి, మిగతా నాలుగింటి మీదుగా అడ్డగీత గీసింది.

“ఈసారి తొందరగా తేల్చేశావే. నేర్చుకుంటున్నావు” అన్నాడు దేవీప్రసాద్.

మర్నాడు ఎనిమిదికి బెల్లు కొట్టారు. చల్లటి పట్టీల కింద ప్యాకెట్లు పెట్టి, అందరూ చకచకా సీలు వేయడం మొదలుపెట్టారు.