పెద్దమ్మ రాసిన అభిప్రాయం

ఎనిమిదో తరగతి దాకా పిల్లలందరిదీ ఒకటే బడి. ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. నాలుగేళ్ల సాధారణ విద్య విశ్వవిద్యాలయం దాకా తీసుకువెళుతుంది. మూడేళ్ల వృత్తి విద్య కార్ఖానా గుమ్మంలో దింపుతుంది. ఎవరు ఎటన్నది జిల్లా సంఘం మార్కులు చూసి తేలుస్తుంది. మార్కులు గీత మీద ఊగిసలాడినప్పుడు మాత్రం, తరగతి టీచరు ఆ బిడ్డ గురించి రాసిన ఒక్క వాక్యాన్ని చూస్తుంది.

లెక్కల టీచరు ఇరవై ఆరేళ్లుగా ఆ వాక్యాలు రాస్తోంది. ఆ ఏడు ఆమె తరగతిలో సొంత చెల్లెలి కూతురు ఉంది. నోరు తెరిస్తే ప్రశ్నే గనుక ఇంటిల్లిపాదీ ఆ పిల్లను ఎందుకమ్మ అనేవారు.

"వడ్డించేది పెద్దమ్మ. కడపంక్తిలో కూర్చున్నా ఎందుకమ్మకి లోటేముందండీ?" అన్నాడు సైన్సు మేష్టారు, టీచర్ల గదిలో, నవ్వుతూనే.

ఆ నవ్వు ఆమెకు ముల్లై గుచ్చుకుంది. ఆ సాయంత్రం అంతంతమాత్రం పిల్లలకు సైతం "పై చదువుకు తగినది" అని రాసిన చెయ్యి, ఎందుకమ్మ దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయింది. "చేతిపనిలో నేర్పు, ఓర్పు ఉన్నాయి" అని రాసి ఊరుకుంది. అబద్ధం కాదు. మిగతాది మార్కులే చెబుతాయనుకుంది. కానీ ఎందుకమ్మ జ్వరంతో పరీక్ష రాసింది. మార్కులు సరిగ్గా గీత మీదికి జారాయి. పిల్ల ముఖమైనా చూడని సంఘం వాక్యం చూసింది. వృత్తి బడిలో, మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగు శాఖలో సీటు ఇచ్చింది.

రాసినవారే ఏడాదిలోగా అభిప్రాయం దిద్దుకోవచ్చని నిబంధన ఉంది. అది టీచరుకు కంఠతా వచ్చు. అయితే కలం పట్టినప్పుడల్లా, దిద్దితే మేష్టారి మాటే నిజమవుతుందనిపించేది. చెల్లెలు ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడం వల్ల వాయిదా మరింత తేలికైంది. చివరికి గడువు ఆఖరి రోజున టీచరు సంఘం కార్యాలయానికి వెళ్లింది.

"ఏడాదంతా ఏం చేశారమ్మా?" అన్నాడు గుమాస్తా.

"భయపడ్డాను."

అతను దిద్దిన అభిప్రాయం మీద ముద్ర వేశాడు. "సీటుంది. పిల్ల సంతకం కావాలి. ఐదింటికి కిటికీ మూసేస్తాం."

వృత్తి బడి పక్క వీధిలోనే ఉంది. పొడవాటి షెడ్డులో, ఇనుప బల్ల ముందు, ఎందుకమ్మ రాగితీగ సరిచేస్తోంది. వేళ్ల కొనలు నల్లబడ్డాయి.

"ఏంటి పెద్దమ్మా, ఇలా వచ్చావు?"

"సంతకం పెట్టు తల్లీ. ఐదింటిలోగా ఇస్తే పై చదువుకి వెళ్దువుగాని."

ఎందుకమ్మ కాగితం చదివింది. "నా విద్యార్థులందరిలోకీ తెలివైనది" అని ఉంది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి అప్పుడు రాయలేదేం?"

"నా మీద మాట పడుతుందని."

ఎందుకమ్మ తీగలో మెలిక విప్పింది. "నెల్లాళ్లు ఏడ్చాను. 'మీ పెద్దమ్మకి తెలీదా? నీ బుర్రలో అంత సరుకు లేదేమోలే' అంది అమ్మ. నిజమే అనుకున్నా. లెక్కల పుస్తకాలు పక్కింటి పిల్లకిచ్చేశా."

"నేను నేర్పుతానే."

"నేర్పుతావు. రేపు అక్కడ తప్పితే, పెద్దమ్మ మొదట రాసిందే కరెక్టంటారు. అది ఇంకోసారి వినలేను." కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "ఈ తీగచుట్ట చుట్టి ఆలోచిస్తా. మధ్యలో మాట్లాడకు, లెక్క తప్పుతుంది."

మూడు వందల నలభై చుట్లు చుట్టాలి. అప్పటికి ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ. టీచరు స్టూలు మీద కూర్చుంది. పిల్ల పెదవులు అంకెల వెంట కదులుతున్నాయి. నూట పన్నెండు. నూట పదమూడు. ఆ వేళ్లు కావాలనే నెమ్మదిగా తిరుగుతున్నాయని గ్రహించడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఆపమనాలంటే నోరుంది. ఏ హక్కుతో ఆపమనాలో తెలియలేదు.

ఎందుకమ్మ తీగ తెంపేసరికి ఐదూ పది.

"అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పకు పెద్దమ్మా," అంది చేతులు తుడుచుకుంటూ. "అమ్మ నీ మాట ఇంకా నమ్ముతుంది."