దగ్గును దగ్గుగానే

భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆయన ఒకసారి దగ్గాడు. జలుబేమీ లేదు. ఆ ఇంట్లో ఆ దగ్గుకు మంచినీళ్ళని అర్థం. కాస్త గొంతు సవరించుకుంటూ మళ్ళీ దగ్గితే నీళ్ళు ఆలస్యమయ్యాయని అర్థం. కంచం అంచు మీద వేలితో తడితే ఉప్పు; కుర్చీ వెనక్కి జరిపితే తువ్వాలు; పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకుంటే కాఫీ. ఈ భాషకు నిఘంటువు ఎవరూ రాయలేదు. పెళ్ళైన కొత్తలో ఆమె తప్పులు చేసి, ముడుచుకున్న మొహాలు చూసి, ఒక్కొక్క మాటే పోగు చేసుకుని నేర్చుకుంది. ఇప్పుడు దగ్గు పూర్తయ్యేసరికి గ్లాసు బల్ల మీద ఉంటుంది.

"మా కోడలికి నోరు తెరిచి చెప్పే పనే లేదమ్మా. మనం అనుకుంటామో లేదో, తను తెచ్చి ముందు పెడుతుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాటకు ఆమె లోలోపల మురిసిపోయేది కూడా. మెచ్చుకోలు వేషంలో వచ్చిన ఆజ్ఞను ఆజ్ఞగా గుర్తుపట్టడానికి మనిషికి చాలాకాలం పడుతుంది. జీతం ఇచ్చి పెట్టుకున్న పనివాడికైనా ఏం చెయ్యాలో నోటితో చెబుతారు. ఆమెకు ఆ పాటి మాట ఖర్చు పెట్టడం కూడా ఆ ఇంట్లో ఎవరికీ అవసరమనిపించలేదు.

కూతురు చదువుకోసం హాస్టలుకు వెళ్ళాక, ఎప్పటిదో జంతుశాస్త్రం డిగ్రీ పట్టా బీరువా అడుగునుంచి తీసి, మెడికల్ కోడింగ్ శిక్షణలో చేరింది. "ఈ వయసులోనా?" అని ఆయన నవ్వాడు. "సర్లే, నీకూ కాలక్షేపం. ఇంట్లో పనికి అడ్డం రాకపోతే చాలు." అడ్డం రాలేదు. ఇంటి పని ముగించుకునే ఆమె ఇల్లు కదిలేది.

కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉన్న గదిలో శిక్షణ. చుట్టూ ఆమె కూతురి వయసు పిల్లలు. ఆంటీ అని పిలిచేవారు, ఎముకల పేర్లు నోరు తిరగనప్పుడు ఆమె దగ్గరికే వచ్చేవారు. పని వినడానికి చిన్నదే. డాక్టరు రాసిన నోట్సు చదివి, అందులోని ప్రతి జబ్బుకూ, ప్రతి చికిత్సకూ పుస్తకంలో ఉన్న కోడ్‌ను వెతికి బిల్లుకు తగిలించాలి. ఆ కోడ్‌ను బట్టే బీమా కంపెనీ ఆసుపత్రికి డబ్బు కడుతుంది. ఆఖరి పరీక్ష గట్టెక్కినవాళ్ళకు ఊళ్ళోనే ఉన్న బిల్లింగ్ ఆఫీసులో ఉద్యోగం ఖాయం. ఆమె రెండుసార్లు తప్పింది. ఇంకొక్క అవకాశమే మిగిలింది.

శిక్షణ ఇచ్చే మేడమ్ ఆమె కంటే చిన్నది. జవాబు పత్రం ముందు పెట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇక్కడ న్యుమోనియా అని కోడ్ వేశారు. ఎందుకండీ?"

"దగ్గు, జ్వరం ఉన్నాయిగా మేడమ్. న్యుమోనియా కావచ్చని డాక్టరుగారే రాశారు."

"కావచ్చు అన్నారు. అవునన్నారా?"

"అనలేదు. కానీ తెలుస్తూనే ఉంది కదండీ."

"మీకు తెలుస్తోంది. కాగితం మీద లేదు. బయటినుంచి వచ్చి చూపించుకుని వెళ్ళిన పేషెంటుకి అనుమానాన్ని జబ్బుగా రాయకూడదు. దగ్గును దగ్గుగానే ఉంచండి." మేడమ్ ఇంకో కాగితం తీసింది. "ఇక్కడా అంతే. ఇన్సులిన్ ఇస్తున్నారన్నారు, షుగరు వ్యాధి అని ఎక్కడా రాయలేదు. మీరు వేసేశారు. ఇలాంటప్పుడు డాక్టర్నే అడగాలి. అడిగేటప్పుడు కూడా, షుగరేనా అని అడక్కూడదు. ఇన్సులిన్ దేనికిస్తున్నారు అని అడగాలి. జవాబు మనం అందించకూడదు, వాళ్ళు చెప్పాలి." ఆపైన కాస్త మెత్తగా అంది: "మీకు రానిదంటూ లేదు. కానీ ఎవరూ చెప్పనివన్నీ మీరే పూరించేస్తున్నారు. ఎక్కడ నేర్చుకున్నారండీ ఈ అలవాటు?"

ఎక్కడ నేర్చుకుందో బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక తట్టింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది, పక్కనామె తిరిగి చూసింది కూడా. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ నిట్టూర్పుల్లోంచి, చెప్పుల చప్పుడులోంచి, తలుపు వేసే విసురులోంచి కోరికలు ఏరి, అడగకముందే తీర్చిన మనిషికి, రాసినంతవరకే చదవమంటే కన్ను ఎలా ఆగుతుంది? ఇంట్లో సద్గుణమని పేరు పెట్టి పెంచినదే ఇక్కడ కొలువుకు పనికిరాని లోపమైంది. తను ఊహించడం మానేసిన రోజున ఆ ఇంట్లోవాళ్ళు మాట్లాడవలసి వస్తుంది. ఇంతకాలం వాళ్ళకు ఆ శ్రమ తప్పించింది ఎవరు? తనే. నేర్చుకున్న చోటే మరచిపోవడం మేలని నిశ్చయించుకుని దిగవలసిన చోట దిగింది.

ఆ రాత్రి భోజనంలో తన కంచం కూడా పెట్టుకుని అందరితోపాటు కూర్చుంది. ఆయన దగ్గాడు. ఆమె ముద్ద కలుపుకుంది. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ దగ్గాడు.

"ఏమిటండీ?"

"ఏమిటేమిటి? వినపడలేదా?"

"వినపడింది. దగ్గారు."

"మరి?"

"మరి, ఏం కావాలి?"

ఆయన తల్లివైపు తిరిగాడు. "చూశావా అమ్మా, ఇదీ ఆ క్లాసుల్లో నేర్పుతున్న చదువు!" విసురుగా లేచి వెళ్ళి నీళ్ళు వంచుకున్నాడు, సగం కింద పోశాడు. కావలసినదేమిటో మాత్రం నోటితో చెప్పలేదు.

పడుకోబోయే ముందు అత్తగారు టీవీ కట్టేసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు వేడి పాలని అర్థం. ఆమె ఖాళీ చేతులతో వెళ్ళి నిలబడింది. 'పాలా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. జవాబు మనం అందించకూడదు. మింగేసింది.

"ఏం కావాలత్తయ్యా?"

"నీకు తెలీదూ?"

"తెలీదు. మీరు చెప్పండి."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. "చెప్పమంటే చెబుతా మరి. నాకా పాలు పడవే. తాగిన ప్రతిరాత్రీ కడుపుబ్బరం."

"మరి ఇన్నాళ్ళూ తాగారేం?"

"మీ మావయ్యకి ఉండేది ఆ అలవాటు. ఆయన పోయాక నువ్వు నాకు తేవడం మొదలెట్టావు. తెచ్చినదాన్ని ఎలా కాదనను? అయినా, ఏం కావాలని నన్నెవరడిగారు గనక!"

ముత్తైదువగా, విధవగా, తల్లిగా, అత్తగా ఒక జీవితకాలం ఆ ఇంట్లో గడిపిన మనిషిని ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు, తనతో సహా. ఎవరి నిట్టూర్పుకో అర్థం తీసి తను ఈమెకు తగిలించింది.

"ఇప్పుడడుగుతున్నాగా. ఏం కావాలి?"

"ఏమో. ఆలోచించుకోనీ."

ఆలోచించుకోవడానికి అత్తగారికి తెల్లవారేదాకా పట్టింది. మంచం కిటికీ పక్కకు జరపమంది. కోడలూ తనూ చెరో పక్కా పట్టుకుని జరిపారు. వీధిలోకి చూస్తూ కూర్చుని, "ఈ ఇంటికి ఇంత వెలుతురుందా!" అంది అత్తగారు.

పరీక్షనాడు మొదటి కాగితంలోనే దగ్గు ఉంది. ఆమె చెయ్యి ఉవ్విళ్ళూరింది. దగ్గుకు దగ్గు కోడ్ వేసి పేజీ తిప్పింది. ఫలితం చెబుతూ మేడమ్ చెయ్యి కలిపింది. పిల్లలు ఆంటీ, ఆంటీ అంటూ మిఠాయికి ఎగబడ్డారు. సాయంత్రం ఇంట్లో చెబితే ఆయన, "అయితే రోజూ వెళ్ళాలా?" అన్నాడు. "వెళ్ళాలి" అంది.

ఉద్యోగంలో చేరే రోజు ఉదయం ఆమె సంచి భుజాన వేసుకునేసరికి ఆయన ఫలహారం ముందు కూర్చుని దగ్గాడు. ఆగి, మళ్ళీ దగ్గాడు. కిటికీ పక్క మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది:

"ఏరా, నోట్లో నాలుక లేదూ? కావలసిందేమిటో చెప్పి చావరాదూ?"

ఆయన తల్లిని చూశాడు, భార్యను చూశాడు, ఖాళీ గ్లాసును చూశాడు. మాటలు నేర్చే పసివాడిలా ఒక్కొక్కటే కూడదీసుకున్నాడు.

"నాకు... మంచినీళ్ళు... కావాలి."

ఎంత చక్కటి వాక్యం అనుకుంది ఆమె. పూరించవలసినదేమీ లేదు.

"వంటింట్లో ఉన్నాయండీ" అని చెప్పి, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.