గంపెడు పలకపొడి

మా మార్కాపురంలో బాస్కెట్ బాల్ ఆడేవాళ్ళ కంటే దాని గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. బస్టాండు పక్క కాఫీ హోటల్లో రోజూ సాయంత్రం అదే గొడవ. నతానియేలు గొప్పా, రంగనాయకులు గొప్పా? జన్మలో బంతి ముట్టుకోని వాళ్ళు కూడా బల్ల గుద్ది తీర్పు చెప్పేవాళ్ళు. నేను హైస్కూల్లో డ్రిల్లు మేష్టర్ని కాబట్టి ప్రతివాడూ నన్నే సాక్ష్యానికి లాగేవాడు. నాకు ఒళ్ళు మండేది. కాఫీ అయినా ప్రశాంతంగా తాగనిచ్చేవాళ్ళు కాదు.

నతానియేలు దొరల కాలపు ఆటగాడు. నేను చదివిన మిషన్ బడిలోనే, నాకంటే చాలా ముందు చదివాడు. అప్పట్లో బంతికి బూటుకు ఉన్నట్టు తాడు బిగించి ఉండేది. నేలకేసి కొడితే ఎటు లేస్తుందో చెప్పలేం. అందుకని బంతిని నేలకు ఎక్కువ తగలనివ్వకుండా, చప్పున ఆగి, మోకాళ్ళ దగ్గర నుంచి రెండు చేతులతో లేపి వేసేవాడు. కాళ్ళకు ఏమీ ఉండేవి కావు. రంగనాయకులు గిద్దలూరు వాడు, స్వాతంత్ర్యం వచ్చాక రైల్వే జట్టులో ఆడినవాడు. కాన్వాసు బూట్లు, తాడు లేని నున్నటి బంతి, గాల్లోకి ఎగిరి ఒంటి చేత్తో వేయడం. ఇద్దరికీ పన్నెండేళ్ళ తేడా. ఒకరి బంతి ఇంకొకరు ఎరగరు. ఎడ్లబండికీ రైలుకీ పందెం పెట్టినట్టు వీళ్ళిద్దరినీ పోల్చడమేమిటని అరిచేవాణ్ణి. వినేదెవరు?

"నతానియేలుకు ఆ బూట్లు ఉండింటేనా!" అని ఒకడు.

"ఆ తాడుబంతి చేతికిచ్చినా రంగనాయకులే గెలిచేటోడు" అని ఇంకొకడు.

ఈ కాలక్షేపం కాస్తా ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి నాలుగేళ్ళయింది. కొత్తగా పంచాయతీ సమితులు పెట్టారు. మా సమితి ప్రెసిడెంటు చంద్రశేఖరరావు, బజారులో నూనె దుకాణం ఉన్నాయన, మా బడికి ఒక గ్రౌండ్ మ్యాన్ ఉద్యోగం తెప్పించాడు. కోర్టు బాగు చేయడం, బంతులకు గాలి కొట్టడం, పిల్లలకు ఆట చూపించడం. నతానియేలూ రంగనాయకులూ ఇద్దరూ అడిగారు.

నతానియేలుకు ఆ పని ఎందుకు కావాలో ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. ఆట వదిలిన దగ్గర్నుంచి ఆయన బడిపిల్లల పలకలు చేసే కార్ఖానాలో రాయి కోస్తున్నాడు. భార్య యేసుమణిదీ అక్కడే పని. యాభై ఏళ్ళకే డెబ్బై ఏళ్ళవాడిలా అయిపోయాడు. ఎండాకాలంలో నేనే కంభం తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించాను. ఆయన వీపు మీద తట్టి, చాలాసేపు విని, ఇది క్షయ కాదన్నాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, మందు లేదు, ఇంకా ఆ పొడి పీలిస్తే తొందరగా పోతాడు, దానికి దూరంగా ఉంటే కొన్నేళ్ళు నెట్టుకొస్తాడు అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నతానియేలు నా చెయ్యి పట్టుకున్నాడు.

"యేసుమణికి చెప్పొద్దు తమ్ముడూ. అదీ ఆ కార్ఖానాలోనే గదా పలకలు రుద్దేది. చెప్తే ఏడుస్తాది. ఏడ్సినా పనికి పోక తప్పదు. ఏడుపు లేకుండానే పోనీలే."

మాటిచ్చాను.

చంద్రశేఖరరావు దుకాణానికి పోయి బతిమాలాను. జబ్బు సంగతి చెప్పలేను. చెబితే రోగిష్టివాడికి ఉద్యోగమేమిటంటారు. పెద్దవాడు, మిషన్ కాలం నుంచి ఆడినవాడు, ముందు ఆయనకివ్వండి అన్నాను.

ప్రెసిడెంటు చెడ్డవాడు కాదు. కాఫీ హోటల్ రోగం ఆయనకీ ఉంది, అంతే. "పెద్దోడైతే సరిపోతాదా మేష్టరూ? ఇద్దర్నీ దించుదాం. ముందు పది బుట్టలు వేసినోడికే ఉద్యోగం. ఏ కాలం ఆట గొప్పదో అదీ తేలిపోతాది" అన్నాడు, ఏదో పెళ్ళి ముహూర్తం కుదిరినంత సంబరంగా.

రంగనాయకులు మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వ్యాగన్ మీద నుంచి పడి మోకాలు చితికి, రైల్వే పని పోగొట్టుకుని బావమరిది పంచన బతుకుతున్నాడు. "ఆయన్ని ఓడించాలని నాకేం లేదు అయ్యోరా. ఊరికే కూసోని తినలేకున్నా" అన్నాడు.

అంటే మోకాలు లేనివాడికీ ఊపిరి లేనివాడికీ పోటీ. దాన్ని చూడ్డానికి గిద్దలూరు నుంచి కూడా జనం వస్తారట!

అయినా నాకు ఆశ పుట్టింది. రంగనాయకులు ఎగరలేడు. ఎగరకపోతే అతని ఆటలో సగం లేదు. నతానియేలు పరిగెత్తలేడు గానీ ఆయన వేసే పద్ధతికి పరుగు అక్కర్లేదు. నిలబడి, ఊపిరి కూడగట్టుకుని, కింద నుంచి లేపితే చాలు. రోజూ బడి వదిలాక వచ్చి వేసి చూసేవాడు. బంతి ఇనుప రింగుకు తగలకుండా వలలో దిగేది. "గెలుస్తావన్నా" అన్నాను. పసిపిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ నమ్మాను.

పోటీ ఆదివారం సాయంత్రం. నేను విజిల్ మెడలో వేసుకుని వెళ్ళేసరికి కోర్టు నల్లగా, నున్నగా ఉంది.

పలకల కార్ఖానా వాళ్ళకు ఒక అలవాటుంది. ఇంట్లో నేల గతుకులు పడినా, పెళ్ళిపందిరి కింద రాళ్ళు తేలినా కార్ఖానా నుంచి పలకపొడి గంపలతో తెచ్చి పోసి, నీళ్ళు చల్లి, దిమ్మెసతో అణగ్గొట్టి చదును చేస్తారు. చల్లగా, మెత్తగా ఉంటుంది. వాళ్ళ దగ్గర ఊరికే దొరికేది అదొక్కటే. మా కోర్టు నిండా గులకరాళ్ళూ పల్లేరుకాయలూ. నతానియేలు వట్టి కాళ్ళతో ఆడతాడు. అందుకని యేసుమణి కార్ఖానా ఆడవాళ్ళందర్నీ కూడగట్టి, పొద్దున ప్రార్థన అయినప్పటి నుంచి గంపలు మోసింది.

మోచేతుల దాకా బూడిదరంగుతో నాకెదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఒక్క పల్లేరుగాయ లేకుండా చేసినాం అయ్యోరా! మా ఆయన కాలికింద పరుపు మాదిరి ఉంటాది. సూడండి, కాలు పెట్టి సూడండి."

చల్లిన నీళ్ళు ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి. నల్లమల వైపు నుంచి గాలి వీస్తోంది. అడుగు వేస్తే చాలు, పొడి లేస్తోంది.

నతానియేలు కోర్టు అంచున బుగ్గన బెల్లంముక్క పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బెల్లం తింటే పొడి గొంతులో నిలవదని వాళ్ళ నమ్మకం.

"అన్నా, ఊడ్పించేస్తాను. ఇంకోరోజు పెట్టిద్దాం."

"ఎందుకూడుస్తున్నారని అది అడగదా? ఏం జెప్తావు?" అన్నాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఇంకా ఒక మూల చేత్తో సర్దుతోంది. "పొద్దున్నుంచి నీళ్ళు గూడా తాగలేదంట. ఉండనీలే తమ్ముడూ."

అయినా ప్రెసిడెంటు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "బంగారం మాదిరి కోర్టు చేసి పెడితే ఊడుస్తానంటావేంది మేష్టరూ? రేపు నేను కర్నూలు పోవాల. ఊదు విజిలు."

ఊదాను.

మొదట్లో నతానియేలు ఆడింది ఆట. బంతి అందుకున్న చోటే నిలబడి, తల ఎత్తి, రెండు చేతులతో లేపాడు. దిగింది. ఇంకోటి దిగింది. రంగనాయకులు అడ్డం వచ్చేలోపు ఇంకోటి. నా చిన్నప్పుడు బడి గోడెక్కి చూసిన చేతులే అవి. కాఫీ హోటల్ జనం గొంతు చించుకుంటున్నారు. నేను రిఫరీనన్న సంగతి మరిచిపోయి నవ్వుతున్నాను.

రంగనాయకులు కుంటికాలు ఈడ్చుకుంటూ పరిగెత్తే కొద్దీ పొడి రేగింది. ముందు మోకాళ్ళ దాకా, తర్వాత ముఖాల దాకా. నతానియేలు దగ్గాడు. బంతి లేపాడు, రింగు దాకా పోలేదు. మళ్ళీ దగ్గాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. ఆట ఆపి నీళ్ళిచ్చాను. "ఆడతా" అని లేచాడు. రెండడుగులు వేసి కూలబడ్డాడు. ఆ పొడిలోనే నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటున్నాడు.

బంతి దొర్లుకుంటూ పోయి రంగనాయకులు కాళ్ళ దగ్గర ఆగింది. అతను నా వైపు చూశాడు. ఏం చేయమని చెప్పను? వంగి తీసుకుని, ఎగరకుండానే వేశాడు. తర్వాత అడ్డం వచ్చేవాళ్ళు లేరు. పది నిండేదాకా ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. కళ్ళు తుడుచుకోవడం చూశాను. పొడి పడిందేమో అనుకున్నారు జనం.

"తేలిపోయింది! ఈ కాలం ఆటే గొప్ప!" అన్నాడు ప్రెసిడెంటు. కాఫీ హోటల్లో ఆ గొడవ ఆ రోజుతో ఆగింది. పాత ఆటలో దమ్ము లేదని అందరూ ఒప్పుకున్నారు.

సోమవారం రంగనాయకులు బడిలో చేరాడు. నతానియేలు కార్ఖానాకు పోయాడు. క్రిస్మసు దాకా కూడా ఉండలేదు.

సమాధి అయిన వారానికి యేసుమణి బడి దగ్గరికి వచ్చింది. కోర్టు అంచున చాలాసేపు నిలబడి, నన్ను పిలిచింది.

"అయ్యోరా, ఆట తెలిసినోళ్ళు మీరు. నిజం జెప్పండి. ఆ పక్క మూలకి మాకు పొడి సాల్లేదు. ఆయన ఆడనే గదా పడిపోయింది. ఇంకో నాలుగు గంపలు పోసింటే గెలిచేటోడు గదా?"

ఊళ్ళో అందర్నీ నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి నేను. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

"గెలిచేవాడు వదినా" అన్నాను.

"నాకు తెల్సు. నాదే తప్పు" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, పనికి ఆలస్యమవుతోందని కార్ఖానా వైపు పోయింది.