పదిహేడు అంగుళాల చక్రాలు

భీమవరం డాక్టరమ్మ రెండే మాటలు చెప్పింది. గంటన్నరలో రాజమండ్రి చేరాలి. దారిలో కుదుపులు తగలకూడదు.

కారు వెనక సీటులో ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్న నీలవేణికి ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగడం లేదు. ఎనిమిదో నెల. గర్భసంచిలో మాయ బాగా కిందికి ఉంది, మంచం దిగొద్దని ముందే చెప్పారు. ఆ పొద్దున చీర తడిసింది. ఉమ్మనీరేమో అనుకుంది. చూస్తే నెత్తురు. నెలలు నిండని బిడ్డను ఉంచే గాజుపెట్టె తమ దగ్గర లేదని, సెలైన్ సూది గుచ్చి పంపేశారు. ఉన్న ఒక్క అంబులెన్సూ ఎవరినో ఏలూరు తీసుకెళ్ళింది. అత్తమామలు పెళ్ళికని జీపులో తుని వెళ్ళారు. ఇక మిగిలింది ఈ కారు, నడపడానికి భర్త కార్తీక్.

రెండు నెలలుగా ఈ కారంటేనే ఆమెకు భయం.

ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, కార్తీక్ చెరువుల్లో రొయ్య బాగా పండింది. ఆ ఉత్సాహంలో విజయవాడ వెళ్ళి, కారుకున్న మామూలు చక్రాలు తీయించి పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించుకొచ్చాడు. వాటిని చూసి మెకానిక్ లాజరు పెదవి విరిచాడు.

"చక్రం పెద్దదయ్యేకొద్దీ టైరు పల్చనైపోద్ది బాబుగారూ. దెబ్బని మింగేది ఆ రబ్బరూ, అందులో గాలే కదండీ. ఇంక గోతిలో పడితే ఆ దెబ్బంతా మీ నడుముకే."

"చూడ్డానికెలా ఉందో చెప్పు లాజరూ," అన్నాడు కార్తీక్ నవ్వుతూ.

చూడ్డానికి బాగానే ఉంది. ఊళ్ళో కుర్రాళ్ళు ఆగి మరీ చూసేవారు. నీలవేణి మాత్రం ఒక్కసారి ఎక్కి, ఇంటికొచ్చాక నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ చక్రాల్లాగే మెరిసిపోతున్న అతని ముఖం చూసి ఏమీ అనలేకపోయింది.

పాలకొల్లు దాటాక రోడ్డు పాడైంది. వానలకి తారు లేచిపోయి కంకర తేలింది. పాత చక్రాలతో తెలియకుండా పోయే చిన్న చిన్న గుంతలు కూడా ఇప్పుడు సీటులోంచి నేరుగా వెన్నుకి తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా కింద వెచ్చగా ఏదో జారుతోంది.

"సారీ," అన్నాడు కార్తీక్. మరో గుంత. "సారీ నీలా."

"సారీలు ఆపి రోడ్డు చూడండి!"

అతను వేగం తగ్గించాడు. స్పీడు ముల్లు ఇరవై మీదికి వచ్చింది. గడియారం మాత్రం తగ్గదు కదా. మార్టేరు చేరేసరికే గంట గడిచింది. అద్దంలో అతని కళ్ళు కనిపిస్తున్నాయి, రెప్ప వేయడం మర్చిపోయినట్టు. వేగం పెంచాడు. కుదిపింది. మళ్ళీ తగ్గించాడు.

పెనుగొండ దాటిన తర్వాత ఎదురుగా లారీ వచ్చింది. కార్తీక్ పక్కకి తీశాడు. కల్వర్టు అంచున వానకి కోసుకుపోయిన గుంతలో ముందు చక్రం పడింది. ఇనుము రాయికి తగిలిన చప్పుడు. నీలవేణి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. కారు ఒకవైపు వాలి నిలబడిపోయింది.

కార్తీక్ దిగి చూశాడు. టైరు పక్క చీలిపోయింది, చక్రం అంచు వంగిపోయింది. డిక్కీలో స్టెప్నీ ఉంది. జాకీ ఉంది. కానీ దొంగలు ఎత్తుకుపోకుండా కొత్త చక్రాలకి తాళంలాంటి నట్టు ఒకటి బిగించారు. దాన్ని విప్పే ముక్క ఇంట్లో బీరువాలో ఉంది. పానా పెట్టి తిప్పి చూశాడు, జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. చేతివేళ్ళు చెక్కుకుపోయాయి.

"ఇంకొక్క నిమిషం నీలా, వచ్చేస్తోంది..."

"రాదండీ." నీలవేణి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అది వదిలేయండి. రోడ్డు మీదికెళ్ళి ఏ బండొచ్చినా ఆపండి. అడ్డంగా నిలబడండి!"

ఒక బస్సు ఆగకుండా పోయింది. ఆ వెనకే పాత అంబాసిడర్ టాక్సీ ఒకటి వచ్చింది. కార్తీక్ నిజంగానే అడ్డంగా నిలబడ్డాడు. పెనుగొండలో అమ్మవారి దర్శనం చేసుకుని తుని తిరిగి వెళ్తున్న కుటుంబం అది, నలుగురున్నారు. అరవై ఏళ్ళావిడ దిగి వచ్చి కారులోకి తొంగి చూసింది, సీటు మీది మరకను చూసింది. వెంటనే టాక్సీలో ఉన్న తనవాళ్ళ వైపు తిరిగింది.

"తమ్ముడూ, మీరు ముగ్గురూ దిగండి. బస్సులో వచ్చేద్దురుగాని. ఈ పిల్లని పడుకోబెట్టాలి."

ఆవిడ పేరు రత్నమాణిక్యం. నీలవేణి తల తన ఒళ్ళో పెట్టుకుంది. కార్తీక్ సెలైన్ సీసా పట్టుకుని ముందు కూర్చున్నాడు.

డ్రైవరు సత్తియ్య వెనక్కి తిరిగి చూశాడు. "పాత బండండి, పరిగెట్టదు. కానీ మెత్తగా తీసుకెళ్తానండి. భయపడకండి."

మాట నిలబెట్టుకున్నాడు. గుంత వస్తే బండి నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచేది. నీలవేణి ఒళ్ళు కాస్త వదులైంది. అప్పుడు గుర్తొచ్చింది. బిడ్డ కదలడం లేదు. ఎప్పటి నుంచి కదలడం లేదు? కల్వర్టు దగ్గరా, అంతకు ముందా? ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాలక రత్నమాణిక్యం చేయి తీసి పొట్ట మీద పెట్టుకుంది. ఆవిడకి అర్థమైంది.

"పడుకుందేమో తల్లీ. పిల్లలు పడుకుంటారు," అంది. చేయి మాత్రం పొట్ట మీంచి తీయలేదు.

గౌతమి వంతెన దాటి రాజమండ్రి చేరేసరికి రెండున్నర గంటలైంది. స్ట్రెచర్ మీదే బిడ్డ గుండె చప్పుడు వెతికారు. నర్సు ఒకచోట విని చూసింది, ఇంకోచోట విని చూసింది, మూడోచోట ఆగి, ఉందన్నట్టు తలూపింది. వెంటనే ఆపరేషన్.

ఆడపిల్ల. పదిహేడువందల గ్రాములు. ఏడవడానికి కూడా బలం లేదు. గాజుపెట్టెలో పెట్టారు. నీలవేణికి రెండు సీసాల నెత్తురెక్కించారు.

సాయంత్రం డాక్టరు వచ్చినప్పుడు కార్తీక్ లేచి నిలబడ్డాడు. "మా కారు కుదుపుల వల్లేనా అండీ ఇదంతా?"

"రక్తస్రావం ఇంట్లోనే మొదలైంది కదండీ," అంది డాక్టరు. "దారిలో ఎక్కువైంది. ఏది ఎంతవరకో నేను చెప్పలేను."

ఆమె వెళ్ళిపోయింది. వేళ్ళకున్న కట్టు చూసుకుంటూ కార్తీక్ అన్నాడు: "ఆ చక్రాలు వేయించినప్పుడు నీకు నచ్చలేదు కదా. నాతో చెప్పలేదేం?"

"చెప్తే వినేవారా?"

అతను ఆలోచించాడు. "వినేవాణ్ణి కాదు."

వినేవాణ్ణని అబద్ధం చెప్తాడనుకుంది నీలవేణి. ఆ మాటకి పొద్దుటి నుంచి రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. కుట్లు లాగుతున్నా ఆగలేదు. కార్తీక్ దగ్గరికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. అతని చేతిని ఆమె తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"ఇక నుంచి చెప్తాను," అంది కళ్ళు తుడుచుకుని. "మీకు నచ్చకపోయినా చెప్తాను."

పందొమ్మిదో రోజున నర్సు గాజుపెట్టె తెరిచి, పాపని తీసుకొచ్చి నీలవేణి గుండెల మీద పడుకోబెట్టింది. పాప మూతి తిప్పుతూ వెతుక్కుంది.